గల్లీలో బండ్ల వేగం తగ్గించాలంటే: స్పీడ్ బ్రేకర్ నుంచి వన్ వే దాకా, పక్క గల్లీతో పంచాయితీ లేకుండా

నల్లగొండలో పెద్ద గడియారం దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే బైకులు, ఆటోలు వెంటనే పక్క గల్లీల్లోకి తిరుగుతాయి. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చుట్టుపక్కల కూడా అంతే. ఆ గల్లీల్లో గడప దాటితే రోడ్డే, ఫుట్‌పాత్ అనేదే ఉండదు, మోరీ పక్కన ఉన్న ఆ రెండడుగుల జాగాలోనే పిల్లలు ఆడుకోవాలి, ముసలోళ్లు నడవాలి, కూరగాయల బండి ఆగాలి. ఎవరి పిల్లాడికో బండి తగిలిన రోజు కాలనీ అంతా కూడుతుంది, మనిషికి ఇంత అని వేసుకుని రాత్రికి రాత్రే సిమెంటు కట్ట పోస్తారు. పదిహేను రోజులు తిరక్కముందే ఆ కట్ట మీద ఇంకో లొల్లి మొదలవుతుంది.

ఈ పనిని పద్ధతి ప్రకారం చేయించుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. ముందే ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టే తిరుగుతుంది. మీ గల్లీ నుంచి తరిమిన బండి మాయం కాదు, చెరువు నీళ్లకు ఒక దగ్గర అడ్డం వేస్తే ఇంకో దగ్గర గండి పడ్డట్టు పక్క గల్లీలో తేలుతుంది. అందుకని పక్క గల్లీ వాళ్లను ఆఖరున సంతకాలకు పిలవడం కాదు, మొదటి రోజే పిలవాలి.

మొదటి పని: ఇబ్బంది ఏందో విడదీసి చూడండి

"ట్రాఫిక్ ఎక్కువైంది" అని అందరూ అంటారు, కానీ ఒక్కొక్కరి మనసులో ఉన్నది ఒక్కొక్కటి. ఒకరికి స్పీడు, ఒకరికి రాత్రి పూట హారన్లు, ఇంకొకరికి ఇంటి ముందు పరాయోళ్లు కార్లు పెట్టిపోవడం, మూలమలుపు ఇంటామెకు ఎదురొచ్చే బండి కనపడకపోవడం. వీటన్నిటికీ ఒకటే మందు ఉండదు. మలుపులో చెట్టు కొమ్మలు కొట్టేస్తే, స్తంభానికి ఒక కుంభాకార అద్దం పెట్టిస్తే, కాలిపోయిన వీధిలైటు మార్పిస్తే తీరిపోయే ఇబ్బందికి స్పీడ్ బ్రేకర్ అడగడం దండగ. ఇంకొకటి, గల్లీలో దూసుకుపోయేది మన కాలనీ పిల్లలేనా కాదా చూడండి. చాలా చోట్ల వాళ్లే, అందులోనూ లైసెన్సు వయసు రానోళ్లు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంది. ఈ సంగతి కాలనీ మీటింగులో గట్టిగా చదివి వినిపిస్తే కొన్ని బండ్ల తాళాలు ఆ సాయంత్రమే అల్మారాలోకి పోతాయి, దానికి ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

రెండో పని: లెక్క తీయండి

"వందల బండ్లు పోతున్నయ్ సార్" అంటే ఆఫీసులో ఎవరూ తలెత్తి చూడరు. కాగితం మీద అంకె ఉంటే చూస్తారు. దీనికి మిషన్లు, కెమెరాలు అవసరం లేదు, సుద్దముక్క, టేపు, ఫోనులో స్టాప్‌వాచ్ ఉంటే చాలు.

స్పీడు కొలవడం ఇట్లా. గల్లీలో తిన్నగా ఉన్న చోట టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. ఒక మనిషి మొదటి గీత దగ్గర నిలబడి బండి ముందు చక్రం గీత దాటగానే చెయ్యి దించాలి, రెండో గీత దగ్గర ఉన్న మనిషి అప్పుడే స్టాప్‌వాచ్ నొక్కి, బండి తన గీత దాటగానే ఆపాలి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. 6 సెకన్లు పడితే 30, 4 సెకన్లు పడితే 45, 3 సెకన్లలో దాటితే 60. ఇద్దరూ అరుగు మీదనో గోడ పక్కననో నిలబడండి, రోడ్డు మీద మనిషి కనపడితే నడిపేవాడు బ్రేకేస్తాడు, లెక్క తప్పుతుంది.

ఈ అంకెలు ఎందుకంటే, మనిషి కాలు బ్రేకు మీద పడటానికి ఒక సెకను పట్టిందనుకుంటే 30 మీద వచ్చే బండి ఆ సెకనులో 8 మీటర్లు వస్తుంది, 50 మీద వచ్చేది దగ్గర దగ్గర 14 మీటర్లు వచ్చేస్తుంది, అదీ బ్రేకు పడకముందే. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పన్నెండడుగుల గల్లీలో 45, 50 అనే అంకె కాగితం మీద చూస్తే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది.

ఇక ఎన్ని బండ్లు, ఎలాంటివి అన్నది. బైకు, ఆటో, కారు, స్కూల్ వ్యాను, ట్రాక్టరు, డీసీఎం, నీళ్ల ట్యాంకరు అని గడులు గీసుకుని పావుగంటకోసారి గీతలు పెట్టండి. నడిచేవాళ్లకు, సైకిళ్లకు కూడా ఒక గడి పెట్టండి. దాన్ని అందరూ మర్చిపోతారు, అసలు మనం పోట్లాడుతున్నది వాళ్ల కోసమే. పొద్దున బడుల టైము, సాయంత్రం ఆఫీసులు వదిలే టైము, ఒక మామూలు మధ్యాహ్నం, ఒక ఆదివారం తీసుకుంటే సరిపోతుంది. బతుకమ్మ రోజుల్లో, సంక్రాంతి సెలవుల్లో, ఎండాకాలం బడులు లేనప్పుడు తీసిన లెక్క పనికిరాదు. కానీ మీ బాధ వడ్ల ట్రాక్టర్లూ లారీలే అయితే మాత్రం కొనుగోళ్లు నడిచే రోజుల్లోనే తీయాలి. మిర్యాలగూడ వైపు, రైసు మిల్లులకు దగ్గరున్న కాలనీలవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. గల్లీ రెండు చివర్లా ఇద్దరిద్దరు కూర్చుని లోపలికొచ్చే బండి, బయటికిపోయే బండి నంబరులో చివరి నాలుగంకెలు, టైము రాసుకోండి. లోపలికొచ్చిన నంబరు రెండు మూడు నిమిషాల్లో అవతలి చివర్న తేలితే అది దారి కోసం వాడుకునే బండి, తేలకపోతే మన ఇళ్లకో దుకాణాలకో వచ్చింది. ఈ ఒక్క పనితో సగం వాదనలు తీరిపోతాయి, ఎందుకంటే దారికి వాడుకునే బండ్లు తక్కువని తేలితే వన్ వే అడగడంలో అర్థమే లేదు, మీ బండ్లే మీకు బాధ. ఆ నంబర్ల కాగితాన్ని మాత్రం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి బండి ఎప్పుడు ఎటు పోయిందో ఊరందరికీ తెలియాల్సిన పని లేదు, లెక్క కట్టగానే చింపేయండి.

మూడో పని: రోడ్డు ఎవరిదో కనుక్కోండి

చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. కాలనీ లోపలి రోడ్డు సాధారణంగా మున్సిపాలిటీదే. కొంచెం పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీది కావచ్చు, ఊరి చివర పంచాయతీరాజ్‌ది కావచ్చు, ఇక జాతీయ రహదారి అయితే లెక్కే వేరు. నల్లగొండ మీదుగా సాగర్ వైపు పోయేది 565, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ మీదుగా పోయేది 167. వీటి మీద స్పీడ్ బ్రేకర్ వేయమని మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇస్తే ఆయన చేతిలో ఏమీ ఉండదు. అలాంటి రోడ్ల సంగతి కలెక్టర్ ఆధ్వర్యంలో జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పోవాలి, అందులో పోలీసు, రవాణా, రోడ్ల ఇంజినీర్లు అందరూ కూర్చుంటారు. మీ రోడ్డు ఎవరి రికార్డులో ఉందో మున్సిపల్ ఆఫీసులో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును, అడిగితే చెప్తారు.

నాలుగో పని: ఏ మార్పు ఏం చేస్తుందో ముందే తెలుసుకోండి

మీటింగు పెట్టక ముందే ఇది తెలిసి ఉండాలి, లేకపోతే గొంతు పెద్దగా ఉన్నోడి మాటే నెగ్గుతుంది.

స్పీడ్ బ్రేకర్‌తో మొదలుపెడదాం. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు ఉన్నాయి, ఐఆర్‌సీ 99 అనే పుస్తకంలో. గుండ్రటి మూపు ఆకారం, బండి పోయే దిక్కున కొలిస్తే వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల మీద పోయే బండి ఇబ్బంది లేకుండా దాటాలని పెట్టిన లెక్క అది. అంటే పన్నెండు అడుగుల పైచిలుకు వెడల్పు మీద నాలుగంగుళాల ఎత్తు, ఎక్కి దిగినట్టే ఉంటుంది కానీ ఎగిరిపడదు. దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, దాని మీద రాత్రి కనపడే చారల పెయింటు ఉండాలి. మన గల్లీల్లో పోసేవి చూడండి, అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు, పెయింటు లేదు, బోర్డు లేదు. స్కూటీ అడుగు భాగం గీసుకుపోతుంది, ఆటోలో ఉన్న నిండు గర్భిణి ఎగిరిపడుతుంది, రాత్రి పూట తెలియక వచ్చిన బైకోడు కింద పడతాడు. ఎవరికైనా ఏదైనా అయితే అనుమతి లేకుండా పోసిన వాళ్ల మీదికి వస్తుంది. రెండు మూడు అంగుళాల రబ్బరు ముక్కలు వరసగా బిగించేవి కూడా అంతే, నడుములు పోతాయి.

మోరీ సంగతి చూడకుండా పోస్తే వానాకాలంలో నీళ్లు దాని వెనక నిలబడతాయి. పక్కన నీళ్లు పోవడానికి జాగా వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే పోతాయి, అది నడిచేవాళ్ల జాగా. కాబట్టి నీళ్లు ఎటు పోవాలో ఏఈతో ముందే మాట్లాడాలి. ఇంటికొకటి అన్నట్టు పోయించుకోవడం కూడా మంచిది కాదు. ఒక్కోదానికీ మధ్య వంద, నూటయిరవై మీటర్ల దూరం ఉండాలి. 108 అంబులెన్సు కూడా ఆ గల్లీలోనే రావాలి కదా.

వన్ వే గురించి ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. ఎదురుగా బండి రాదని తెలిస్తే స్పీడు పెరుగుతుంది. ఇరుకు గల్లీలో ఎదురెదురు బండ్లు తప్పుకోలేక ఆగిపోవడమే మీ బాధయితే వన్ వే మంచిదే, స్పీడు బాధయితే అది ఇంకా ముదురుతుంది. పైగా రెండు గల్లీలను జతగా, ఒకటి పోవడానికి ఒకటి రావడానికి, చూసుకోకపోతే భారమంతా ఒక్క గల్లీ మీద పడుతుంది.

బరువు బండ్లను ఆపడానికి గల్లీ మొదట్లో ఇనుప కడ్డీ అడ్డం పెట్టిస్తారు కొందరు. ఫైరింజన్ వస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇల్లు మారేవాళ్ల సామాన్ల డీసీఎం, సెప్టిక్ ట్యాంకు బండి, ఇసుక ట్రాక్టరు ఎట్లా రావాలి? ఈ జవాబులు లేకుండా కడ్డీ పెట్టొద్దు. దానికంటే ఫలానా టైములో బరువు బండ్లు రాకూడదని పోలీసుల బోర్డు నయం. పార్కింగుకైతే ఒకే పక్క పెట్టాలనే నియమం, రోజు మార్చి రోజు పక్క మార్చుకోవడం, ఇవి పైసా ఖర్చు లేకుండా కాలనీవాళ్లు తమలో తాము చేసుకోగలిగినవి.

రాత్రి హారన్ల గురించి కూడా అడుగుతుంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా జనం ఉండే చోట అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు. బోర్డు అడగండి, ఇస్తారు.

ఐదో పని: అందరినీ కూర్చోబెట్టండి

నా దృష్టిలో అసలు పని ఇదే. ఇది సరిగ్గా జరిగితే మిగతావి నడుస్తాయి.

ఇంటి ఓనర్లను మాత్రమే పిలిచి తీర్మానం చేసే కాలనీ సంఘాలు ఉన్నాయి, అది అన్యాయం. ఆ గల్లీలో నడిచేవాళ్లలో సగం మంది కిరాయిదార్లే. వాళ్ల పిల్లలే బడికి నడిచిపోతారు. కిరాణం షాపాయన, టైలరు, మిల్క్ సెంటర్ ఆమె, అడ్డా మీద ఆటోవాళ్లు, స్కూల్ వ్యాను డ్రైవరు, రోజూ వచ్చే ట్యాంకరు మనిషి, వీళ్లందరి పని ఆ రోడ్డు మీదే. పక్క గల్లీ నుంచి కనీసం ఇద్దరు ముగ్గురు రావాలి. ఆడవాళ్లు రాగలిగిన టైము పెట్టండి, వంట టైములో పెడితే మగవాళ్లే వస్తారు. శుక్రవారం నమాజు వేళ, గుళ్లో పూజ వేళ వద్దు. గుడి మండపంలోనో కమ్యూనిటీ హాల్లోనో, అందరూ అడుగుపెట్టగలిగే చోట పెట్టండి, ఒక పార్టీ నాయకుడి ఇంట్లో మాత్రం వద్దు.

మీటింగులో ఇట్లాంటి మాటలు వస్తాయి, వచ్చినప్పుడు విసుక్కోవద్దు. ఆటో అన్న అంటాడు, "అన్నా, మీరు ఈ గల్లీ బంద్ పెడితే నేను పెద్ద గడియారం చుట్టూ తిరిగి రావాలె, ఆ డీజిల్ ఎవరు పోస్తరు?" కిరాణం ఆయన, "సేటు, నాకు మాలు దిగేది పొద్దుగాల ఏడుకే, అప్పుడు డీసీఎం రావొద్దంటే దుకాణం మూసుకోవాల్నా?" అని అడుగుతాడు. డెబ్బై ఏళ్ల అవ్వ, "బిడ్డా, నాకు ఆ కట్ట వద్దు, ఆటోల పోతుంటే నడుము ఇరుగుతది, నాకు రోడ్డు దాటేకాడ లైటు పెట్టియ్యి చాలు" అంటుంది. వీళ్లు ముగ్గురూ మీకు అడ్డం పడుతున్నవాళ్లు కాదు. మీ ప్లానులో ఎక్కడ చిల్లి ఉందో చూపిస్తున్నారు. మాలు దిగే టైమును బోర్డు నుంచి మినహాయిస్తే కిరాణం ఆయనే మీ మొదటి సంతకం పెడతాడు.

గోడకు ఒక చార్టు అంటించి ప్రతి అభ్యంతరాన్నీ, ఎంత చిన్నదైనా, చెప్పిన మనిషి ముందే రాయండి. తన మాట రాశారని చూసుకున్న మనిషి మెత్తబడతాడు, ఇది ఎన్ని మీటింగుల్లో చూశానో. ఒక్కొక్కరూ ఒకసారి మాట్లాడాక రెండోసారి అవకాశం అని ముందే చెప్పేయండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన బొటనవేళ్లను మెజారిటీ కింద లెక్కపెట్టకండి, ఫోను చూడని ముసలోళ్లు ఆ లెక్కలో ఉండరు. ఇంటింటికీ పోయి అడిగి రాసుకోండి.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి. యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో వార్డు ఆఫీసర్‌ను అడిగి, వాళ్లను పిలిచి, మీ తీర్మానం మీద వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. ఆ కాగితానికి బరువు వస్తుంది.

ఆరో పని: అర్జీ

ఒక అర్జీలో ఒకటే అడగండి. స్పీడ్ బ్రేకరు, మోరీ, కుక్కలు, చెత్తబండి అన్నీ కలిపి రాస్తే అది నాలుగు సెక్షన్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇట్లా రాయొచ్చు:

"మునిసిపల్ కమిషనర్ గారికి, మా వీధి ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు ఇన్ని మీటర్లు ఉంది. ఫలానా తేదీల్లో మేము తీసిన లెక్క ప్రకారం పొద్దున బడుల వేళ గంటకు ఇన్ని బండ్లు పోతున్నాయి, అందులో ఇన్ని 40 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతున్నాయి. ఫలానా ఇంటి ముందు, ఐఆర్‌సీ కొలతల ప్రకారం, హెచ్చరిక బోర్డుతో సహా స్పీడ్ బ్రేకర్ మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాము. వీధివాసుల తీర్మానం, వచ్చిన అభ్యంతరాలు, పక్క వీధివారి అభిప్రాయం జతపరుస్తున్నాము."

అభ్యంతరాల కాగితాన్ని దాచకండి, జతచేయండి. రేపు ఎదురు అర్జీ వచ్చినా ఆఫీసరుకు కొత్తగా ఏమీ అనిపించదు. చేత్తో గీసిన మ్యాపు చాలు, అందులో బడి, గుడి, మసీదు, బావి, ట్రాన్స్‌ఫార్మర్ గుర్తులు పెట్టండి. ఒక కాపీ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి, వన్ వే, నో పార్కింగ్, బరువు బండ్ల సంగతి అయితే వాళ్లే ముఖ్యం. ఇన్‌వర్డ్ నంబరు, అంటే అర్జీ అందినట్టు ఆఫీసులో వేసే నంబరు, ముద్ర లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, ఇన్‌వర్డ్ కాపీ పట్టుకుని అక్కడ ఇవ్వండి. అప్పటికీ జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, "మా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారు, ఆ పేజీల నకళ్లు ఇవ్వండి" అని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంగా రాయకండి, తేదీలు రాయండి.

ఏడో పని: ఒక నెల పెట్టి చూద్దామని అడగండి

ఒప్పుకోని వాళ్లు ఉన్నప్పుడు దీనికి మించిన దారి లేదు. మోటారు వాహనాల చట్టం 115 సెక్షన్ కింద ఒక రోడ్డు మీద బండ్లను నిషేధించాలన్నా, కట్టడి చేయాలన్నా గెజిట్ నోటిఫికేషన్ కావాలి. కానీ ఆ కట్టడి నెల రోజులకు మించకపోతే గెజిట్ అవసరం లేదు, ఆ చోట తగినంత ప్రచారం చేస్తే చాలని అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి వన్ వేనో, బడి టైములో బరువు బండ్ల నిషేధమో ఒక నెల పెట్టి చూడమని పోలీసులను అడగండి. డ్రమ్ములు, బారికేడ్లు వాళ్లే పెట్టాలి, మీరు రాళ్లు పేర్చకూడదు.

మొదలుపెట్టక ముందే రెండు గల్లీలవాళ్లూ కూర్చుని ఒక అంకె రాసుకోండి: పక్క గల్లీలో బండ్లు ఇంతకు మించి పెరిగితే ఆపేద్దాం, ఇక్కడ స్పీడు ఇంతకు తగ్గకపోతే వేరే దారి చూద్దాం. నెల అయ్యాక అంకె పెడితే ఎవరికి నచ్చింది వాళ్లు పెడతారు. మొదటివారం లెక్కలోకి తీసుకోవద్దు, అలవాటు కాక అందరూ తికమక పడతారు. మూడో వారంలో, ముందు సోమవారం తీసి ఉంటే సోమవారమే, ఆదివారం తీసి ఉంటే ఆదివారమే, అవే గంటల్లో, రెండు గల్లీల్లోనూ మళ్లీ లెక్క తీయండి. పక్క గల్లీ లెక్క వాళ్ల మనుషులే తీయాలి, మీరు తీస్తే నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు.

ఎనిమిదో పని: మంజూరయ్యాక

పని మొదలైన రోజు టేపు పట్టుకుని అక్కడ ఉండండి. మేస్త్రీకి అలవాటైన కొలత వేరే ఉంటుంది, "అన్నా, నాలుగంగుళాలే, పన్నెండడుగుల వెడల్పు" అని నిలబడి చెప్పే మనిషి లేకపోతే పాత కట్టే మళ్లీ పడుతుంది. పెయింటు, బోర్డు అదే రోజు పడేలా చూడండి. తర్వాత వేస్తామన్నది మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

మంజూరు ఉత్తర్వు నకలు కాలనీ సంఘం దగ్గర ఒకటి, పక్క గల్లీవాళ్ల దగ్గర ఒకటి ఉండాలి. రేపు నీళ్ల పైపుకో డ్రైనేజీకో రోడ్డు తవ్వితే స్పీడ్ బ్రేకర్ పోతుంది, సీసీ మళ్లీ వేసేటప్పుడు కాంట్రాక్టరు దాన్ని కలపడు. ఆ కాగితం చూపించి ఏఈతో కొలతల్లో రాయించుకోవాలి. పెయింటు ఏడాది కూడా నిలవదు, దసరాకు ముందు ప్రతి ఏడూ వేయించమని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఆరు నెలలకు ఒకసారి అదే 50 మీటర్ల మీద మళ్లీ గీతలు గీసి కొలవండి, అంకె పెరిగితే అదే ఫైలు నంబరు మీద ఇంకో అర్జీ ఇవ్వండి.